భూగర్భ పైపులైన్ల రక్షణ: సీపీ టెక్నీషియన్ వృత్తి

నేలలో పాతిన లోహపు గొట్టాలకు తుప్పు పట్టకుండా, పైనుంచి తవ్వకాల దెబ్బ తగలకుండా కనిపెట్టుకుని ఉండే పనివారిని చమురు, గ్యాస్ రంగాల్లో సీపీ టెక్నీషియన్లు అంటారు. సీపీ అంటే కాథోడిక్ ప్రొటెక్షన్. గొట్టానికి కొద్దిపాటి కరెంటు అందిస్తూ లోహం కరిగిపోకుండా ఆపే పద్ధతి అది. పేరు ఆ ఒక్క పద్ధతి నుంచే వచ్చినా పని దానితో ఆగదు. గొట్టం మీది పూతను పరీక్షించడం, మట్టి గుణాన్ని కొలవడం, లైను వెంట నడవడం, దగ్గర్లో పొక్లెయిన్ కనబడితే ఆపించడం, పొలం యజమానితో మాట్లాడి ఒప్పించడం, అన్నిటికీ లెక్క రాసి పెట్టడం ఇందులోవే. ఈ వృత్తిని సాధారణంగా పరికరాల వైపు నుంచి వివరిస్తుంటారు. ఈ వ్యాసం దాన్ని కొలత వైపు నుంచి చూస్తుంది. పూత, కరెంటు గొట్టాన్ని కాపాడతాయన్న మాట సగమే నిజం. అవి రెండూ పనిచేస్తున్నాయో లేదో కొలిచే మనిషి, ఆ కొలతను నమ్మి కదిలే యంత్రాంగం ఉన్నప్పుడే గొట్టం నిలుస్తుంది. ఇక్కడ ప్రస్తావించబోయే ప్రమాదాల్లో ఏదీ సైన్సుకు అంతుచిక్కని కారణంతో జరిగింది కాదు. కారణం ముందే తెలిసినదే. ఆ తెలివిడి అవసరమైన చోటికి, అవసరమైన వేళకు చేరలేదు.

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్న వర్ధన్నపేటలో చమురు శుద్ధి కర్మాగారం లేదు, గ్యాస్ బావి లేదు. పత్తి, మిరప, మక్క, వరి పండే మండలం అది. పక్కన ఆకేరు వాగు, చుట్టూ చెరువులు, శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు. అయినా ఈ వృత్తి అవసరమేమిటో చెప్పడానికి ఇలాంటి చోటే తగినది. గడచిన పాతికేళ్లలో ఉమ్మడి వరంగల్ జిల్లా నేల కిందికి చేరినన్ని గొట్టాలు అంతకుముందెప్పుడూ చేరలేదు. గోదావరి నీటిని ఎత్తిపోసే దేవాదుల పథకం కోసం మనిషి నిలబడి నడవగలిగేంత వ్యాసమున్న ఉక్కు గొట్టాలు వేశారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ రాష్ట్రమంతటా లక్ష కిలోమీటర్లకు పైగా తాగునీటి గొట్టాలను పరిచింది. కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గ్యాస్ లైను 2009 నుంచి తెలంగాణ మీదుగా నడుస్తోంది. మల్లవరం నుంచి భోపాల్ వైపు తలపెట్టిన మరో లైనులో రామగుండం వరకూ ఉన్న భాగం ఖమ్మం, ఉమ్మడి వరంగల్ ప్రాంతాలను దాటి ఎరువుల కర్మాగారానికి గ్యాస్ చేరవేస్తోంది. రామగుండంలో 2021లో మళ్లీ మొదలైన యూరియా ఉత్పత్తి ఆ గొట్టం మీదే ఆధారపడింది. వర్ధన్నపేట రైతు చేలో చల్లే యూరియా బస్తాకూ, ఇంట్లో తిప్పే నల్లాకూ మూలం నేల కిందే ఉంది.

ఉక్కుకు తుప్పు పట్టడం దాని సహజ గమనం. గనిలో ఇనుము ఆక్సైడ్ రూపంలో ఉంటుంది. కొలిమిలో బోలెడంత శక్తి పోసి ఆక్సిజన్‌ను విడగొడితే లోహం వస్తుంది. ఆ లోహం వీలు చిక్కినప్పుడల్లా మళ్లీ ఆక్సైడ్‌గా మారాలని చూస్తుంది. నేలలో ఈ మార్పు విద్యుత్ మార్గంలో జరుగుతుంది. గొట్టంలో ఒకచోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా మట్టి తేమలోకి దిగిపోతాయి, అది ఆనోడ్. వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రయాణించి మరోచోట ఆక్సిజన్‌తోనో నీటితోనో కలుస్తాయి; అది కాథోడ్. కరిగేది మొదటి చోటే. దీనికి ఫారడే నియమాల ప్రకారం కచ్చితమైన లెక్క ఉంది. 1 ఆంపియర్ కరెంటు ఏడాది పాటు ఉక్కులోంచి మట్టిలోకి పోతే సుమారు 9 కిలోల ఇనుము మాయమవుతుంది. ఆ 9 కిలోలు గొట్టం పొడవునా సమంగా అరిగితే పెద్ద నష్టం లేదు. కానీ పూతలో పడిన సూదిమొనంత రంధ్రం దగ్గరే పోతే గొట్టం గోడ మొత్తం తూటు పడుతుంది. అందుకే ఈ వృత్తిలో ఎంత లోహం పోయిందన్న ప్రశ్న కన్నా ఎక్కడ పోయిందన్నదే ముఖ్యం. పూత చాలావరకు బాగుండి ఒకేఒక్క చోట చెడిన గొట్టం, పూతే లేని గొట్టం కన్నా ముందు చిల్లు పడవచ్చు.

వరంగల్ నేల ఈ విషయంలో కాస్త కఠినమైనదే. ఒకే లైను అర కిలోమీటరులో ఎర్ర చెల్కలోంచి నల్లరేగడిలోకి, అక్కణ్నుంచి వరి మడిలోకి దిగుతుంది. చెల్క నేల వదులుగా ఉండి గాలి ఆడుతుంది, త్వరగా ఆరుతుంది. నెలల తరబడి నీళ్లు నిలిచే మడి అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు. గాలి ఆడే భాగం కాథోడ్‌గా, గాలి ఆడని భాగం ఆనోడ్‌గా మారి, ఒకే గొట్టం తనలో తానే బ్యాటరీ అవుతుంది. మడి కిందున్న ముక్క చెల్క కిందున్న ముక్క కోసం కరుగుతుంది. నల్లరేగడిలో తేమా లవణాలూ నిలిచి ఉండటం వల్ల విద్యుత్తుకు అడ్డు తక్కువ. దాంతో తుప్పు కరెంటు సులువుగా పారుతుంది. పైగా అది ఎండాకాలం నెర్రెలు బారి, వానాకాలం ఉబ్బి, గొట్టం మీది పూతను ఏటా పట్టి లాగుతుంది. టెక్నీషియన్ నాలుగు ఇనుప మేకులను ఒకే వరసలో సమాన దూరాల్లో దిగ్గొట్టి, బయటి రెంటి మధ్య కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూసి మట్టి నిరోధాన్ని లెక్కగడతాడు. దీన్ని వెన్నర్ పద్ధతి అంటారు. 1,000 ఓమ్-సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఆ మట్టి ఉక్కుకు గట్టి శత్రువు. మిషన్ కాకతీయ పథకంలో చెరువు పూడిక తీసి పొలాలకు తోలినప్పుడు పంటకు మేలు జరిగింది. అయితే గొట్టం వేసేటప్పుడు కొలిచిన మట్టి, ఇప్పుడు దాని మీదున్న మట్టి ఒకటే అనుకోవడానికి వీల్లేదు. నేల మారుతూ ఉంటుంది గనుక కొలత ఒక్కసారితో అయిపోదు.

రక్షణలో మొదటి అంచె పూత. పాత లైన్లకు తారు ఎనామెల్ పూసేవారు. ఇప్పటి గ్యాస్ లైన్లకు కర్మాగారంలోనే ఎపాక్సీ, దాన్ని అంటించే జిగురు, పైన పాలిఇథిలీన్ అనే మూడు పొరలు వేస్తారు. బలహీనత కర్మాగారంలో తక్కువ, పొలంలో ఎక్కువ. రెండు గొట్టాలను వెల్డింగ్ చేసిన చోట పూత చేత్తోనే వేయాలి. ఉపరితలాన్ని ఇసుక పిచికారీతో శుభ్రం చేసి, వేడిచేసి, స్లీవ్ చుట్టి, మంటతో ముడుచుకునేలా చేస్తారు. తేమ ఉన్న ఉదయం తొందరపడి చేసిన స్లీవ్ బయటికి బాగానే కనబడుతుంది, లోపల అంటుకోదు. కందకంలోకి దించే ముందు అధిక వోల్టేజీ ఉన్న తీగ చుట్టను గొట్టం మీద నడిపిస్తారు. పూత చెడిన చోట చిటపటమని నిప్పురవ్వ లేస్తుంది. ఆ లోపాన్ని పనివాళ్లు హాలిడే అంటారు. కందకం అడుగున రాయి ఉంటే, మెత్తని మట్టి పరవకుండా పూడిస్తే, ఆ రోజు కనబడని హాలిడే మరుసటి ఏడాదికి పుడుతుంది.

రెండో అంచె కరెంటు. హంఫ్రీ డేవీ 1824లో బ్రిటిష్ నౌకాదళం కోసం ఈ సూత్రాన్ని ప్రయోగించాడు. ఓడ అడుగున తాపడం చేసిన రాగికి ఇనుము, జింకు ముక్కలను జతచేస్తే అవి కరిగి రాగి నిలిచింది. కానీ రాగి కరగడం ఆగేసరికి సముద్రజీవులకు దాని విషం తగలక, ఓడ అడుగున గుల్లలు పేరుకుని వేగం తగ్గింది. నౌకాదళం ఆ ఏర్పాటును వదిలేసింది. రక్షణ ఎక్కువైనా ఇబ్బందేనన్న సంగతి ఆ తొలి ప్రయోగంలోనే బయటపడింది. గొట్టాల విషయంలో ఆధునిక పద్ధతికి దారి వేసినవాడు అమెరికాలోని రాబర్ట్ కూన్. 1928లో న్యూ ఆర్లియన్స్‌లో గ్యాస్ లైనుకు రెక్టిఫయర్‌తో కరెంటు ఇచ్చి, మైనస్ 0.85 వోల్టుల దగ్గర తుప్పు ఆగుతుందని చూపించాడు. ఆ అంకె నేటికీ ఈ వృత్తికి పునాది. లైను వెంట అక్కడక్కడా ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫయర్ పెట్టెలు ఉంటాయి; అవి గ్రిడ్ ఏసీని డీసీగా మారుస్తాయి. రుణధ్రువాన్ని గొట్టానికి, ధనధ్రువాన్ని దూరంగా కోక్ పొడిలో పాతిన ఆనోడ్లకు కలుపుతారు. కరెంటు ఆనోడ్ నుంచి మట్టి గుండా వచ్చి, పూత చెడిన చోటే గొట్టంలోకి ప్రవేశిస్తుంది. దాంతో కరగాల్సిన చోటు కాథోడ్ అవుతుంది. చిన్న లైన్లకు మెగ్నీషియం, జింకు ఆనోడ్లు సరిపోతాయి, అవే కరిగి గొట్టాన్ని కాస్తాయి.

ఇక రీడింగు. టెక్నీషియన్ రోజువారీ పనిలో ఇదే కేంద్రం కాబట్టి కొంచెం దగ్గరగా చూడాలి. లైను వెంట సాధారణంగా కిలోమీటరుకొకటి చొప్పున టెస్ట్ పోస్టులు ఉంటాయి. పెట్టె తలుపు తీస్తే గొట్టానికి అతికించిన తీగ కొస కనబడుతుంది. మల్టీమీటరు ఒక వైరు దానికి, రెండోది చేతిలోని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌కు తగిలిస్తారు. ఆ ఎలక్ట్రోడ్ ఒక ప్లాస్టిక్ గొట్టం. లోపల రాగి కడ్డీ, చుట్టూ మైలుతుత్తం కలిపిన నీలిరంగు నీరు, అడుగున తేమ చెమ్మగిల్లే సచ్ఛిద్రమైన బిరడా. ఆ బిరడాను గొట్టానికి నేరుగా పైన నేల మీద ఆనించాలి. మే నెలలో ఎండిన చెల్క మీద ఊరికే ఆనిస్తే అంకె నిలవదు. సీసాలోని నీళ్లు కొంచెం పోసి, మట్టి తడిసేదాకా ఆగాలి. మీటరు మైనస్ 1.30 వోల్టులు చూపిందనుకుందాం. 0.85 దాటింది, అంతా బాగుందని రాసుకుపోవడం తేలిక. కానీ ఆ 1.30లో కొంత భాగం మట్టిలో పారుతున్న కరెంటు వల్ల పుట్టిన వోల్టేజీ. గొట్టం ఉపరితలానికి దక్కింది కాదు. దాన్ని తీసేయడానికి రెక్టిఫయర్లకు ఇంటరప్టర్ పెట్టి, కొన్ని సెకన్లు కరెంటు ఇచ్చి ఒకటి రెండు సెకన్లు ఆపుతారు. ఆపిన క్షణాన కనబడే అంకే అసలు రీడింగు. అది మైనస్ 0.78 అయితే, ఆన్‌లో ఎంత గొప్పగా కనబడినా గొట్టానికి రక్షణ చాలడం లేదు. ఆఫ్ రీడింగు మైనస్ 1.20 దాటిందా, అప్పుడు గొట్టం మీద హైడ్రోజన్ పుట్టి పూత ఊడిపోయే ముప్పు. నీళ్లు నిలిచి ఆక్సిజన్ లేని మట్టిలో సల్ఫేటు తినే సూక్ష్మజీవులు ఉంటే 0.85 చాలదు, 0.95 కావాలి. ఒకే అంకెను చెల్కలో ఒకలా, మడిలో ఒకలా చదవాలి. ఈ తేడా తెలిసిన వ్యక్తి రాసిన రిజిస్టరు ఒక రకం. తెలియని వ్యక్తి రాసింది మరో రకం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

రీడింగులు అనుమానం కలిగిస్తే సర్వే మొదలవుతుంది. రెండు కర్రలు చేతపట్టుకుని, లైను మీదుగా అడుగడుగునా నేలను పొడుస్తూ నడుస్తారు. పూత చెడిన చోటికి చేరేకొద్దీ మీటరు ముల్లు ఒక వైపు ఊగి, దాటగానే రెండో వైపు తిరుగుతుంది. ఆ చోట గుర్తు పెట్టి గుంత తవ్వాలి. యంత్రంతో పైమట్టి వరకే, ఆ తర్వాత పారతోనే. గొట్టం బయటపడ్డాక పూత కింద ఎర్రని తుప్పు ఉందా, నల్లని బంక ఉందా చూస్తారు. నల్లదాని మీద ఆమ్లం చుక్క వేస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది సూక్ష్మజీవుల పని. గుంటల లోతు కొలిచి, ఫొటో తీసి, శుభ్రం చేసి, కొత్త పూత వేసి పూడుస్తారు. ఆ కాగితం మీద లోతుతో పాటు తేదీ ఉంటుంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ తవ్వినప్పుడు పోల్చి చూసి తుప్పు ఆగిందో లేదో చెప్పగలిగేది ఆ కాగితమే.

ఇంత చేసినా గొట్టం పేలుతుంది కదా అనే ఆక్షేపణకు నగరం దుర్ఘటన బలమైన ఉదాహరణ. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే గెయిల్ గ్యాస్ లైను పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. తర్వాతి విచారణల్లో తేలిన ప్రధాన కారణం లోపలి తుప్పు. నీరు, ద్రవాలు పూర్తిగా తొలగించని గ్యాస్ ఆ గొట్టంలో ప్రవహించింది. అడుగున నిలిచిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు కరిగి ఆమ్లమై లోహాన్ని తింటాయి. బయటి నుంచి ఇచ్చే కాథోడిక్ కరెంటు లోపలి గోడను చేరదు. టెస్ట్ పోస్టు దగ్గర రీడింగు ఎంత చక్కగా ఉన్నా ఈ జబ్బును అది చూపించదు. కాబట్టి సీపీ వల్ల ఉపయోగం లేదనడం తప్పు. సీపీ రీడింగు ఒక్కటే చాలుననుకోవడం అంతకన్నా తప్పు. లోపలి తుప్పుకు వేరే కొలతలు ఉన్నాయి. గొట్టంలో నమూనా లోహపు ముక్కలు వేలాడదీసి బరువు తూచడం, గ్యాస్‌లో తేమ కొలవడం, పిగ్ అనే పరికరాన్ని గొట్టంలో నడిపి నిలిచిన నీటిని తోసేయడం, అయస్కాంత క్షేత్రంతో గోడ మందాన్ని చదివే ఇంటెలిజెంట్ పిగ్‌ను పంపడం. ఇవేవీ 2014లో కొత్తవి కావు. 2000 ఆగస్టులో అమెరికాలోని కార్ల్స్‌బాడ్ దగ్గర 12 మందిని బలిగొన్న గ్యాస్ లైను ప్రమాదానికి కారణం కూడా లోపలి తుప్పే. లీకుల గురించి నగరం గ్రామస్థులు అంతకుముందే మొరపెట్టుకున్నట్టు అప్పటి పత్రికలు రాశాయి. పల్లెటూరి ముక్కుకు తగిలిన వాసన కూడా ఒక రీడింగే. దాన్ని రిజిస్టరులోకి ఎక్కించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చి ఉండాలి. నా దృష్టిలో లైను మీద తిరిగే టెక్నీషియన్‌దే ఆ బాధ్యత, దానికి తగ్గ అధికారమూ అతనికే ఉండాలి.

ఒకే మట్టిలో రెండు గొట్టాలు ఉన్నప్పుడు సమస్య మరింత చిక్కబడుతుంది. మెక్సికోలోని గ్వాడలహారాలో 1992 ఏప్రిల్ 22న మురుగు కాలువలు వరసగా పేలి 200 మందికి పైగా చనిపోయారు. జింకు పూసిన కొత్త నీటి గొట్టం పెట్రోలు తీసుకెళ్లే ఉక్కు గొట్టానికి మరీ దగ్గరగా వేయడం వల్ల, కాలక్రమంలో ఉక్కు గొట్టానికి తుప్పు పట్టి రంధ్రం పడింది. పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరింది. అక్కడా జనం కొన్ని రోజుల ముందు నుంచే వాసన గురించి ఫిర్యాదు చేశారు, ఖాళీ చేయించే నిర్ణయం రాలేదు. వర్ధన్నపేట లాంటి మండలాలకు ఈ ఉదాహరణ చాలా దగ్గరిది. భగీరథ నీటి గొట్టం, ఎత్తిపోతల గొట్టం, గ్యాస్ గొట్టం ఒకదాన్నొకటి దాటే చోట్లు ఉమ్మడి జిల్లాల్లో పెరుగుతున్నాయి. గ్యాస్ లైనుకు ఇచ్చే రక్షణ కరెంటులో కొంత, దారిలో పడ్డ ఉక్కు నీటి గొట్టంలోకి ఎక్కి, మరోచోట దిగి గ్యాస్ గొట్టం వైపు వెళ్తుంది. దిగే చోట నీటి గొట్టం కరుగుతుంది. ముందు చెప్పిన 9 కిలోల లెక్క అక్కడ వర్తిస్తుంది. 400 కేవీ విద్యుత్ లైన్లు సమాంతరంగా ఉంటే వాటి ప్రేరణతో గొట్టం మీద ఏసీ వోల్టేజీ పుడుతుంది. అది తుప్పుకే కాక, టెస్ట్ పోస్టును ముట్టుకునే టెక్నీషియన్ ప్రాణానికీ ముప్పు. దాటే ప్రతి చోటా రెండు గొట్టాల రీడింగులు, ఇద్దరు యజమానుల మనుషులు కలిసి తీయాలి. తేడా కనబడితే రెంటినీ తీగతో జతపరచడమో, మధ్యలో అడ్డుపలక పెట్టడమో చేయాలి. గ్యాస్ కంపెనీకి సీపీ విభాగం ఉంటుంది. నీటి గొట్టం తరఫున మీటరు పట్టుకుని వచ్చేవారు చాలా చోట్ల ఉండరు. అసలు లోటు అక్కడే ఉందని నా అభిప్రాయం.

తవ్వకాల దెబ్బ తుప్పు కన్నా వేగంగా చంపుతుంది, కొన్నిసార్లు నెమ్మదిగా కూడా. బెల్జియంలోని గిస్లెంగియన్‌లో 2004 జూలై 30న గ్యాస్ లైను పేలి 24 మంది మరణించారు. అంతకుముందెప్పుడో ఆ స్థలంలో పనిచేసిన మట్టి యంత్రం గొట్టాన్ని గీరి గోడను పలచబరిచింది. ఆ వేళ ఏమీ కాలేదు, తర్వాత ఒత్తిడి పెరిగినప్పుడు అది తెగింది. దెబ్బ తగిలిన రోజే ఎవరో ఒకరు చెప్పి ఉంటే సరిపోయేది. మన దేశంలో పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం 1962లో వచ్చింది. దాని ప్రకారం భూమి రైతుదే, గొట్టం వేసుకుని చూసుకునే వినియోగ హక్కు మాత్రం సంస్థది. ఆ పట్టీలో పంట పండించుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్లు పెట్టకూడదు. 2011 సవరణ గొట్టానికి నష్టం చేసేవారికి, దొంగతనం చేసేవారికి శిక్షలను కఠినం చేసింది. తవ్వబోయేవారు ముందుగా తెలపడానికి 2023 మార్చిలో కేంద్రం కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది. మంచి ఏర్పాటే. కానీ రాత్రికి రాత్రి బోరు వేయించుకునే రైతు, పూడిక తీసే కాంట్రాక్టరు, కేబుల్ కోసం రోడ్డు పక్కన గాడి తీసే ముఠా యాప్ చూసి పని మొదలుపెట్టే దశ ఇంకా రాలేదు. రైతు వైపు నుంచి చూస్తే ఆయన అసహనమూ న్యాయమే. పరిహారంగా భూమి విలువలో చట్టం ఇచ్చేది పదో వంతు, ఆంక్షలు మాత్రం తరతరాలకూ. బెదిరింపు బోర్డు ఆ కోపాన్ని పెంచుతుంది. ప్రతి సీజన్‌లో వచ్చి, పంటను తొక్కకుండా గట్టు మీదుగా నడిచి, గొట్టం ఎంత లోతున ఉందో చూపించి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లే లైన్ వాకర్ ఆ కోపాన్ని తగ్గిస్తాడు. బోరు బండి ఊళ్లోకి వస్తోందని ముందుగా ఫోన్ చేసేది అలా పరిచయమైన రైతే.

ఇదంతా యంత్రాలు చేస్తాయి కదా, మనుషులెందుకనేది ఇప్పుడు తరచుగా వినబడే ప్రశ్న. నిజమే, రెక్టిఫయర్లను దూరం నుంచి గమనించే పరికరాలు వచ్చాయి. గొట్టం వెంట వేసిన ఆప్టికల్ ఫైబర్ తవ్వకపు కంపనాన్ని పసిగట్టి కంట్రోల్ రూముకు కబురు పంపుతుంది. ఇంటెలిజెంట్ పిగ్ గొట్టం గోడను అంగుళం అంగుళం చదువుతుంది. ఇవి లేని రోజుల్లోకి వెళ్లాలని ఎవరూ అనరు. అయితే ఫైబర్ కంపనాన్ని చెబుతుంది గానీ అది దుక్కి ట్రాక్టరుదా పొక్లెయిన్‌దా అన్నది చోటికి వెళ్తేనే తేలుతుంది. రెక్టిఫయర్ దగ్గర అంకె బాగుంటే మధ్యలో కిలోమీటరు పొడవునా పూత ఊడిన సంగతి దానికి తెలియదు. ఊడిన స్లీవ్ కింద చేరిన నీటికి కరెంటు అందదు. పైన రీడింగు సాధారణంగా ఉండగానే కింద తుప్పు సాగుతుంది. పిగ్ ఐదారేళ్లకోసారి వస్తుంది, వచ్చాక దాని లెక్క సరైనదో కాదో చూడటానికి మళ్లీ మనిషే గుంత తవ్వి కొలవాలి. పాత లైన్లలో కొన్నింటి మలుపులు, కవాటాలు పిగ్ ప్రయాణానికి పనికిరావు. యంత్రం పెరిగిన కొద్దీ రీడింగుల సంఖ్య పెరిగింది, వాటిని అర్థం చేసుకునే పని తగ్గలేదు.

మరో ఆక్షేపణ నీటి గొట్టాల గురించి. గ్యాస్ పేలుతుంది కాబట్టి అంత ఖర్చు పెడతారు, నీరు కారితే ఏమవుతుంది, పైగా ఊళ్లలో వేసేవి హెచ్‌డీపీఈ గొట్టాలే, వాటికి తుప్పే పట్టదు అంటారు. ప్లాస్టిక్ గొట్టానికి తుప్పు పట్టదన్నది నిజం. కానీ ఊరి వీధుల్లోకి నీరు తెచ్చే పెద్ద గొట్టాలు ఉక్కువి, డక్టైల్ ఇనుపవి. వీటిలో చాలావాటికి లోపల సిమెంటు పూత ఉంటుంది; సిమెంటు క్షారగుణం లోహాన్ని కాస్తుంది. ఆ పూత పగిలిన చోట, బయటి పూత ఊడిన చోట ఉక్కు ఉక్కే. కవాటాలు, బోల్టులు, అతుకులు అన్ని చోట్లా లోహపువే. ప్లాస్టిక్ గొట్టానికి పార దెబ్బ చాలు, పైగా నేల కింద అది ఎక్కడుందో లోహపు గొట్టాన్ని పసిగట్టే పరికరానికి తెలియదు. ఇక ప్రాణాల మాట. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటి గొట్టంలోకి మురుగు చేరి పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నీళ్లు రోజంతా రాని చోట సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, చిల్లు దగ్గర చుట్టూ ఉన్న మురికి నీటిని అది లోపలికి పీల్చుకుంటుంది. నీటి గొట్టానికి తుప్పు పడితే నీరు బయటికి పోవడం చిన్న నష్టం. బయటిది లోపలికి రావడం పెద్ద నష్టం. మంటలు లేవవు గనుక అది వార్త కాదు, అంతే తేడా.

ఖర్చు సంగతి కూడా తేల్చుకోవాలి. తుప్పు నిపుణుల అంతర్జాతీయ సంస్థ నేస్ 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ప్రపంచానికి తుప్పు వల్ల ఏటా కలిగే నష్టం సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లు, ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. తెలిసిన పద్ధతులనే సరిగా అమలు చేస్తే అందులో 15 నుంచి 35 శాతం మిగులుతుందని అదే అధ్యయనం చెప్పింది. తెలిసిన పద్ధతులనే అన్న మాట గమనించదగ్గది. మన దేశంలో ఈ విద్యకు కొరత లేదు. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ 1953 నుంచి తుప్పు మీద పనిచేస్తోంది. గ్యాస్ లైన్లకు పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి నిబంధనలు, చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ప్రమాణాలు ఉన్నాయి. ఏ రీడింగు ఎంత వ్యవధికి తీయాలో అవి చెబుతాయి. తాగునీటి, ఎత్తిపోతల గొట్టాలకు అంత గట్టి నిబంధనా లేదు, అడిగేవారూ లేరు.

ఈ పనిలోకి ఎక్కువగా ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, డిప్లొమా చదివిన యువకులు వస్తారు. అనుభవం తర్వాత సీపీ టెస్టర్, టెక్నీషియన్ స్థాయుల ధ్రువపత్రాలు పొందవచ్చు. నేస్ 2021లో మరో సంస్థతో కలిసి ఆంప్‌గా మారాక ఆ పరీక్షలు దాని పేరుతో జరుగుతున్నాయి. ఆ కాగితానికి గల్ఫ్ దేశాల్లో మంచి విలువ ఉంది. ఇక్కడ మాత్రం లైను మీద నడిచేవారిలో చాలామంది కాంట్రాక్టరు కింద ఉంటారు. కాంట్రాక్టు మారితే మనుషులు మారతారు. ఏ మడి దగ్గర ఏటా జూలైలో రీడింగు పడిపోతుందో, ఏ రైతు గట్టు జరిపాడో తెలిసినవాళ్లు వెళ్లిపోతారు. చెడ్డ రీడింగు రాస్తే సంజాయిషీ అడిగే చోట మంచి రీడింగులే పుడతాయి. రీడింగు తీసేవారి జీతం, ఆ రీడింగు బాగుండటంతో ముడిపడకూడదు. మండలానికి ఒకరైనా నీటి గొట్టాల కోసం ఇలా శిక్షణ పొంది, స్థిరంగా ఉండే ఉద్యోగి కావాలి. వర్ధన్నపేట మండలంలో అతని పని ఏమిటో చెప్పడం కష్టం కాదు. ఉక్కు, ఇనుప గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం తయారు చేయాలి. మడి, చెల్క కలిసే చోట్లా గ్యాస్ లైన్లు, విద్యుత్ టవర్లు దాటే చోట్లా టెస్ట్ పోస్టులు పెట్టించాలి. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వరి కోతలయ్యాక ఒకసారి ఆఫ్ రీడింగులు తీయాలి. గుంత తవ్విన ప్రతిసారీ లోతు, తేదీ రాయాలి. పూడికతీత, బోరు, రోడ్డు పనుల అనుమతి కాగితం మీద అతని సంతకం లేకుండా పొక్లెయిన్ నేలను తాకకూడదు. ఈ చివరి అధికారం ఇవ్వడానికి కొత్త పరికరం ఏదీ కొనక్కర్లేదు, పంచాయతీ, మున్సిపాలిటీ, నీటి సరఫరా శాఖ కలిసి ఒక ఉత్తర్వు జారీ చేస్తే చాలు.